డీజిల్ ఇంజెక్షన్ పంపు: లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?



ఈనాటి పాఠానికి ప్రయోగశాల అవసరం లేదు. తెల్లవారుజామున ఏదైనా కూరగాయల మార్కెట్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. పాత డీజిల్ పికప్ ఒకటి సెల్ఫ్ కొడుతూనే ఉంటుంది, స్టార్ట్ కాదు. డ్రైవర్ దిగి బానెట్ ఎత్తుతాడు. పక్క బండి డ్రైవర్ తొంగి చూసి "పంపు పోయినట్టుందన్నా" అంటాడు. ఆ ఒక్క మాటతో కొన్ని వేల రూపాయల ఖర్చు మొదలవుతుంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

ముందు ఒక హద్దు గీసుకుందాం. నేను చెప్పేదంతా కంప్యూటర్ అదుపు లేని పాత ఇంజన్ల గురించే. కొత్త బండ్లలో కామన్ రైల్ పద్ధతి ఉంటుంది. అక్కడ పీడనం 1000 బార్ దాటుతుంది. ఈ పాఠంలోని పరీక్షలను వాటి మీద చేయకండి.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదని మీకు తెలుసు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ దాదాపు 18వ వంతుకు నొక్కేస్తుంది. దాంతో గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఇంధనాన్ని సన్నని తుంపరగా లోపలికి చిమ్మితే దానంతట అదే మండుతుంది. ఆ చిమ్మే ఒత్తిడిని పుట్టించేదే ఇంజెక్షన్ పంపు. పాత మెకానిక్కులు దీన్ని 'మైకో పంపు' అంటారు. 1951లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి పొట్టిపేరు మైకో. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది కానీ వర్క్‌షాపుల్లో పాత పేరు పోలేదు.

ఈ పంపు ఎంత సూక్ష్మమైన పని చేస్తుందో ఒక లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల పికప్ ఒకటి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. అంటే గంటకు 4 లీటర్లు. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుంటే, ఫోర్ స్ట్రోక్ కనుక ప్రతి సిలిండర్‌కు రెండు చుట్లకొకసారి ఇంధనం అందాలి. నిమిషానికి 4000 సార్లు, గంటకు 2,40,000 సార్లు. 4000 మిల్లీలీటర్లను ఇంతమందికి పంచితే ఒక్కొక్క విడతకు వచ్చేది సుమారు 17 ఘన మిల్లీమీటర్లు. మందు సీసా డ్రాపర్ నుంచి పడే ఒక చుక్క దాదాపు 50 ఘన మిల్లీమీటర్లుంటుంది. ఒక్క చుక్కను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని సెకనులో కొన్ని వందలవ వంతు కాలంలో, 200 బార్లకు మించిన ఒత్తిడితో పంపాలన్నమాట. ఇది సాధ్యం కావాలంటే పంపులోని ప్లంజర్‌కూ అది కదిలే బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించకూడదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ప్లంజర్, బ్యారెల్ జతగా అరగదీసి తయారుచేస్తారు. ఒకదాని ప్లంజర్ ఇంకొక బ్యారెల్‌కు పనికిరాదు. అందుకే రోడ్డు పక్కన, దుమ్ములో ఈ పంపును విప్పడం అంటే నాకు భయం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అబ్బాయి తండ్రి మదనపల్లె దగ్గరి పల్లెలో టమాటా రైతు. సొంత పికప్‌లోనే సరుకు మార్కెట్‌కు వేసుకెళ్లేవాడు. టమాటా సంగతి మీకు తెలుసు, అది ఎవరికోసమూ ఆగదు. ఆ బండి పొద్దున్న ఎంతకూ స్టార్ట్ అయ్యేది కాదు. పది నిమిషాలు సెల్ఫ్ కొట్టాక ఒక్కసారి అందుకుంటే ఇక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ పంపు విప్పించి కాలిబ్రేషన్‌కు పంపాడు. మూడు రోజులు బండి లేదు, వేలల్లో బిల్లు. బిగించిన మరునాడు పొద్దున్న మళ్లీ అదే కథ.

ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి ఒక మాట చెప్పాడు: "సార్, చెరువుకట్ట వాలులో బండి ముందుభాగం కిందికి ఉండేలా నిలిపిన రోజు టక్కున స్టార్ట్ అవుతుంది. ఇంటి ముందు ముందుభాగం ఎత్తులో పెట్టిన రోజే సతాయిస్తుంది." నా దృష్టిలో ఆ మాట కాలిబ్రేషన్ బిల్లుకంటే విలువైనది. ఎందుకో చూడండి.

ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న పైపులో ఇంధనం పీల్చబడుతుంది. అంటే ఇంజన్ నడిచేటప్పుడు అక్కడి పీడనం వాతావరణ పీడనం కంటే తక్కువ. అలాంటి చోట పైపుకు చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద మరక కనబడదు కాబట్టి పైపు బాగుందనుకుంటాం. రాత్రంతా బండి ముందుభాగం ఎత్తులో ఉంటే పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, ఆ స్థానంలోకి గాలి చేరుతుంది. ముందుభాగం పల్లంలో ఉంటే ట్యాంకులో మట్టమే పైన ఉంటుంది కాబట్టి పైపు నిండుగా ఉంటుంది. అప్పుడు చిల్లు దగ్గర డీజిల్ బయటికి చెమర్చాలి కూడా. "ఈసారి కట్ట మీద నిలిపిన మరునాడు పొద్దున్న పైపును చేత్తో తడిమి చూడు" అని ఆ అబ్బాయికి చెప్పాను.

కాస్త గాలికే ఇంత పెద్ద ఇంజన్ ఎందుకు ఆగిపోవాలి? బాయిల్ నియమం గుర్తు తెచ్చుకోండి. పంపుకూ నాజిల్‌కూ మధ్య గొట్టంలో 34 ఘన మిల్లీమీటర్ల గాలి బుడగ ఉందనుకుందాం. అది సుమారు మిరియపు గింజంత. స్టార్ట్ చేసేటప్పుడు పంపు మామూలు కంటే ఎక్కువే తోస్తుంది గాని, లెక్క సులువు కోసం 17 ఘన మిల్లీమీటర్లనే తీసుకుందాం. బుడగ సగానికి నలుగుతుంది, పీడనం రెట్టింపై 2 బార్లవుతుంది. నాజిల్ తెరుచుకోవాలంటే 200 బార్లు కావాలి! అదే గొట్టం నిండా డీజిల్ మాత్రమే ఉంటే, 200 బార్ల దగ్గర కూడా అది నలిగేది ఒకటిన్నర శాతం లోపే. తోసిన ఒత్తిడి తోసినట్టే నాజిల్‌కు చేరుతుంది. రెండు ప్లాస్టిక్ సిరంజిలను సన్నని గొట్టంతో కలిపి, ఒకసారి నీటితో నింపి, ఒకసారి మధ్యలో గాలి వదిలి నొక్కి చూడండి. తేడా మీ బొటనవేలికే తెలుస్తుంది.

కాబట్టి సందేహం వచ్చినప్పుడు మొదట చేయవలసింది ఫిల్టర్ దగ్గరి హ్యాండ్ పంపును పది పదిహేను సార్లు కొట్టి, గాలి తీసే స్క్రూ వదులు చేసి చూడటం. నురగలాంటి డీజిల్ వచ్చి, ఆ తర్వాత బండి వెంటనే అందుకుంటే తప్పు గాలిదే. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ట్యాంకును పూర్తిగా పక్కన పెట్టండి. శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, ఇంజన్ కంటే ఎత్తులో, వేడి భాగాలకు దూరంగా కట్టి, పారదర్శకమైన గొట్టంతో ఫిల్టర్‌కు కలపండి. పంపు నుంచి తిరిగొచ్చే గొట్టాన్నీ ఆ డబ్బాలోకే వదలండి. దీంతో ఇంజన్ చక్కగా నడిస్తే పంపు నిర్దోషి. లోపం ట్యాంకులోనో, పీల్చే పైపులోనో, వాటి జాయింట్లలోనో ఉంది. మొత్తం దారిని రెండు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో అడిగామన్నమాట. పారదర్శక గొట్టాన్ని చూస్తూ ఉంటే బుడగలు కూడా కళ్లబడతాయి.

రోటరీ పంపు ఉన్న బండిలో ఇంకొక చిన్న పరీక్ష. తాళం తిప్పగానే పంపు మీది సొలినాయిడ్ 'టిక్' మనాలి. ఆ శబ్దం లేకపోతే ఇంధనం దారి మూసుకుపోయి ఉంటుంది. తీగ ఊడిపోయినా, తుప్పు పట్టి 12 వోల్టులు అందకపోయినా ఇలాగే జరుగుతుంది. ఊడిన తీగకు పంపును శిక్షించిన సందర్భాలు నేను చూశాను.

మరి నిజంగా పంపు అరిగిపోతే ఎలా తెలుస్తుంది? దానికి ప్రత్యేకమైన లక్షణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక ఆపి, టీ తాగి వచ్చేసరికి సెల్ఫ్‌కు అందదు. తోస్తే మాత్రం స్టార్ట్ అవుతుంది. ఇది మదనపల్లె బండి లక్షణానికి సరిగ్గా తలకిందులు.

దీని వెనుక మూడు విషయాలున్నాయి. సన్నని సందులోంచి ద్రవం కారే పరిమాణం ఆ సందు వెడల్పు ఘనానికి అనులోమంగా ఉంటుంది. సందు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లవుతుంది. అదే పరిమాణం ద్రవం స్నిగ్ధతకు విలోమంగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర మన డీజిల్ స్నిగ్ధత 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలని భారతీయ ప్రమాణం. 80 డిగ్రీలకు చేరేసరికి అది దాదాపు సగానికి పడిపోతుంది. ఇక మూడోది కాలం. సెల్ఫ్ మోటార్ ఇంజన్‌ను నిమిషానికి సుమారు 200 చుట్లే తిప్పగలదు, అంటే మన లెక్కలోని 2000 చుట్లతో పోలిస్తే ప్రతి స్ట్రోక్‌లోనూ కారడానికి పది రెట్ల సమయం దొరుకుతుంది. అరిగిన పంపు, పలచబడిన డీజిల్, నిదానంగా తిరిగే ఇంజన్ ఈ మూడూ కలిసినప్పుడు ఒత్తిడి నాజిల్ దాకా చేరదు. తోసినప్పుడు ఇంజన్ వేగంగా తిరుగుతుంది కనుక చేరుతుంది. ఇలాంటప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు చల్లారనిచ్చి సెల్ఫ్ కొట్టి చూడండి. అందుకుంటే అరుగుదల ఉన్నట్టే. కొందరు బకెట్టుతో చన్నీళ్లు గుమ్మరిస్తారు. అది తప్పు. పైభాగం ఒక్కసారిగా ముడుచుకుపోయి లోపలి ప్లంజర్ బిగుసుకుపోవచ్చు.

అలాంటి పంపును తప్పకుండా కాలిబ్రేషన్ బెంచికి పంపాలి. అక్కడ మోటారుతో పంపును తిప్పి, ప్రతి లైన్ నుంచి వచ్చే ఇంధనాన్ని గుర్తులున్న గాజు గొట్టాల్లో పట్టి పోల్చుతారు. వీలైతే వెళ్లి చూడండి, మీ బ్యూరెట్‌లు అక్కడ పలకరిస్తాయి.

ఇంజన్ నడుస్తూనే ఒక సిలిండర్ కొట్టకపోతే పాత పద్ధతి ఒకటుంది. ఐడిలింగ్‌లో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి వింటారు. ఏ నట్టు వదిలినా శబ్దం మారాలి. మారనిదే కొట్టని సిలిండర్. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూస్తారు. జబ్బు నాజిల్‌తోపాటు పోతే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే పంపునో, సిలిండర్ కంప్రెషన్‌నో అనుమానించాలి. ఈ పని అనుభవం ఉన్న మెకానిక్ చేస్తుంటే మీరు దూరంగా నిలబడి చూడండి. నట్టు చుట్టూ గుడ్డ, కంటికి అద్దాలు తప్పనిసరి. నాజిల్ తుంపరకు గానీ, పగిలిన హై ప్రెజర్ పైపుకు గానీ చెయ్యి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. కానీ కొన్ని గంటల్లో వేలు పోయే స్థితి రావచ్చు. అలా జరిగితే కట్టు కట్టి ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

పొగ గురించి క్లుప్తంగా. తెల్లపొగ మండని డీజిల్, టైమింగ్ వెనకబడినప్పుడు వస్తుంది. నల్లపొగ వస్తే పంపును కదిలించేముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, చాలాసార్లు దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. నీలిపొగ ఇంజన్ ఆయిల్‌ది, దానికీ పంపుకూ సాధారణంగా సంబంధం లేదు.

పంపు అకాలంగా అరగడానికి ప్రధాన కారణాలు నీళ్లు, కల్తీ. ప్లంజర్‌కు వేరే నూనె ఉండదు, దానికి డీజిలే కందెన. కిరోసిన్ కలిస్తే ఆ పొర పలచబడుతుంది. నీళ్లు చేరితే తుప్పు పడుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే వానాకాలం రాత్రుల్లో లోపలి గోడలకు తేమ చెమర్చి అడుగున చేరుతుంది. ఫిల్టర్ అడుగు స్క్రూ తిప్పి కాస్త డీజిల్‌ను గాజుసీసాలోకి పట్టి ఒక రాత్రి ఉంచితే, నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి.

మదనపల్లె అబ్బాయి వారం తర్వాత ఫోన్ చేశాడు. చెరువుకట్ట మీద నిలిపిన రాత్రి గడిచాక, ఛాసిస్ పక్కనుంచి పోయే రబ్బరు పైపు ఒకచోట తడిగా తగిలిందట. క్లిప్పు కింద జానెడు మేర రబ్బరు బీటలు వారి ఉంది. మూర పైపు, రెండు కొత్త క్లిప్పులు వేసుకుంటే వంద రూపాయలలోపే అయింది. అయితే పంపు విప్పి బిగించినప్పుడు టైమింగ్ కాస్త ముందుకు జరిగిందేమో, ఇంజన్ ఇదివరకు లేనంతగా టకటకలాడుతోందన్నాడు. దాన్ని సరిచేయించడానికి వాళ్ల నాన్న ఇంకొక రోజు మార్కెట్ మానుకోవలసి వచ్చింది.