పత్రికలలోనే మిగిలిన ఆట

 

వీడియో ఆట ఆడని విద్యార్థి ఈ సభలో అరుదు. అట్టి ఆటలను తయారుచేసినవారి కథ విన్నవారు మాత్రం తక్కువ.

ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్టణంలో 1982లో మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ అనే యువకులు ఇమాజిన్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థను స్థాపించారు. ఆనాడు స్పెక్ట్రమ్ కంప్యూటరుకు ఆటలు పాటల క్యాసెట్ల వంటి క్యాసెట్లలోనే వచ్చేవి. వెల అయిదారు పౌండ్లు. వీరి తొలి ఆట ఆర్కేడియా విశేషంగా అమ్ముడుపోయింది. ధనంతోపాటు ఆర్భాటమూ ప్రవేశించింది.

ఆ యంత్రపు జ్ఞాపకశక్తి ఎంత పెంచినా 48 కిలోబైట్లే. ఆ హద్దు దాటడానికి, క్యాసెట్టుతో ఒక అదనపు పరికరాన్ని జతచేసి, బాండర్‌స్నాచ్, సైక్లాప్స్ అనే రెండు మహాక్రీడలను సంకల్పించారు. ఊహ గొప్పదే, దానిని తప్పుపట్టనక్కరలేదు. వెల మాత్రం సుమారు 40 పౌండ్లు! పని ముగియకముందే పత్రికలలో ప్రకటనలు వెలిశాయి. వాటిలో ఆట బొమ్మ లేదు, తయారుచేస్తున్నవారి ఛాయాచిత్రాలున్నాయి. సైక్లాప్స్ అయితే కాగితం మీది ఆలోచనను దాటినదే కాదు.

1984 జులై 9న లండను ఉన్నత న్యాయస్థానం సంస్థను మూసివేయమని ఆదేశించింది. దావా వేసినది ఒక పత్రికా ప్రచురణ సంస్థ. బాకీపడినది ప్రకటనల సొమ్మే, సుమారు 10 వేల పౌండ్లు. సంస్థ వైభవాన్ని చిత్రించడానికి వచ్చిన బి.బి.సి. బృందం చివరకు జప్తు దృశ్యాన్ని చిత్రించుకొని వెళ్ళింది.

ఇమాజిన్ పేరును ఓషన్ సంస్థ కొన్నది. లాసన్, ఇయన్ హెదరింగ్టన్‌లు అదే ఊరిలో సైగ్నోసిస్‌ను నెలకొల్పారు. బాండర్‌స్నాచ్ ఊహ వారి చేతిలోనే, బ్రాటకస్ అనే పేరుతో, మరింత శక్తిగల కంప్యూటర్లపై వెలువడింది.