మా అక్క ట్రైనింగ్

ఇంజనీరును కదా, వంతెనల గురించి మాట్లాడతాననుకుంటారేమో. మా అక్క గురించి చెబుతాను. ఆమెదీ ఈ బడే.

1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ మన వైపు ఎన్నో బళ్ళు పెట్టింది. అందుకే అక్క క్రైస్తవ కళాశాలలో టీచర్ ట్రైనింగ్‌కు వెళ్తానంటే ఇంట్లో ఎవరూ వింతగా చూడలేదు. సెలవులకు నర్సీపట్నం వస్తే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నమూనా పాఠాలు చెప్పేది. భిన్నాలకు అట్టును నాలుగు ముక్కలు చేసేది. పాఠం అయ్యాక ముక్కలన్నీ నావే! ఒకసారి పాఠ్యపథకం నోట్సు చూపించి ఏడ్చింది. "పాఠం బాగుంది. వెనక వరుస పిల్లల్ని ఒక్క ప్రశ్నా అడగలేదు" అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

ఉద్యోగం చింతపల్లి వైపు వచ్చింది. సోమవారం తెల్లారకుండానే బస్సెక్కి లంబసింగి ఘాటీ మీదుగా వెళ్ళేది. కొందరు పిల్లల ఇంటి భాష కువి. రాసుకున్న పథకాలు పక్కనపెట్టి, ముందు తనే వాళ్ళ మాటలు నేర్చుకుంది. ఆ జీతంలోంచే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది. తను ప్రైవేటుగా కడదామనుకున్న బీఏ అలాగే ఉండిపోయింది. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. సిగ్గుపడి నేనూ ఎత్తలేదు.

ఇవాళ కూడా వెనక వరుసలోనే కూర్చుంది. అక్కా, ఒకసారి లేచి నిలబడవూ.