చెడ్డ చిత్రముల వేడుక

మంచి చిత్రమును చూచి యానందించుట యెల్లవారికిని దెలిసినదే. చెడ్డదని యెఱిగియే చూచి, మిత్రులతో గూడి నవ్వుకొనువారును గలరు. అమెరికాలో 1988లో మినియాపొలిస్ టెలివిజను కేంద్రమొకటి యిందుకై ప్రత్యేక కార్యక్రమమునే యారంభించినది.

1987లో వెలువడిన ‘సైలెంట్ నైట్, డెడ్లీ నైట్’ రెండవ భాగమును జూడుడు. క్రిస్మస్ తాత వేషమున హత్యలు చేయు కథ. మొదటి సగమున పెక్కు దృశ్యములు 1984 నాటి తొలి భాగమునుండి తెచ్చి యతికినవే! పాత సరకును మరల విక్రయింపజూచినవారిని జూచి యెంత నవ్వినను దోషము లేదు.

ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ అట్టిది కాదు. అన్యగ్రహవాసులు శవములను లేపుదురట. నటుడు బెలా లుగోసీ 1956లో మరణింపగా, అంతకుముందు తీసియుంచిన కొలది దృశ్యములను వుడ్ ఈ కథలో జేర్చెను. తక్కినచోట్ల తన భార్యకు చికిత్స చేయు వెన్నెముక వైద్యుని నిలిపి, మోము కనబడకుండ వస్త్రమడ్డు పెట్టించెను. ఆ వైద్యుడో పొడగరి! దీనిని మోసమనుట నా కిష్టము లేదు. చేతిలో ధనము లేకున్నను చిత్రము తీయక యుండలేని వాని పాట్లివి. వస్త్రము చాటున పొడగరి కానవచ్చినంతనే మేమందఱము పకపక నవ్వుదుము. వృద్ధుడైన లుగోసీ యింటి వాకిట నొక పువ్వును గోసి వాసన చూచునపుడు మాత్రము గదిలో నెవ్వరును మాటాడరు.