లైట్‌కి ఎర్త్ ఉంది సరే, పనిచేస్తోందా?

వినాయక చవితి దగ్గరికొచ్చేస్తోంది. చందాలు, విగ్రహం, లడ్డూ, సౌండ్ బాక్సులు... వీటన్నిటి గురించీ మీ వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకునే ఉంటారు. ఈ ఎపిసోడ్‌లో ఆ గ్రూపులో సాధారణంగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి చూద్దాం. మండపం చుట్టూ కట్టే ఫోకస్ లైట్లకి ఎర్త్ పనిచేస్తోందా?

ఎందుకు అడుగుతున్నానంటే, అన్నీ అక్కడే కలుస్తాయి. లైటుది ఇనుమో అల్యూమినియమో బాడీ. దాన్ని కట్టేది ఇనప పైపుకి. కింద తడి నేల, పైన వాన. చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలు. లైటు లోపల ఫేజ్ వైరు తోలు ఊడి బాడీకి తగిలితే ఆ పైపు మొత్తానికీ 230 వోల్టులు వచ్చేస్తాయి. లైటు మాత్రం ఎప్పట్లాగే వెలుగుతుంది. చూసేవాళ్ళకి ఏ తేడా తెలీదు.

తడి ఒంటికి నిరోధం ఒక 1000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అయ్యేలా తయారుచేస్తారు. తేడా ఎంతో మీకే అర్థమవుతుంది.

ఇక్కడ ఎర్త్ చేసే పని ఒకటే. బాడీకి వచ్చిన కరెంటుకి మనిషి కంటే సులువైన దారి చూపించడం. ఆ దారి గొలుసు లాంటిది. లైటు బాడీ, అందులోని ఎర్త్ స్క్రూ, పచ్చ వైరు, ప్లగ్గులో లావుగా ఉండే పైపిన్ను, ఎక్స్‌టెన్షన్ బాక్సు, బోర్డు, చివరికి ఎర్త్ గుంత. ఒక్క లంకె తెగినా మిగతావన్నీ ఉండి లాభం లేదు.

ముందు కంటితో చూద్దాం. ప్లగ్గు పీకేసి చూడాలి. లైటు నుంచి మూడు వైర్లు వస్తున్నాయా? మార్కెట్‌లో చవగ్గా దొరికే మెటల్ లైట్లలో కొన్నింటికి రెండే వైర్లుంటాయి. చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ లైటు, దానికి ఎర్త్ అక్కర్లేదు. మెటల్ బాడీ ఉండి, నేరుగా 230 వోల్టుల మీద నడుస్తూ, మూడో వైరూ లేక, ఆ గుర్తూ లేకపోతే దాన్ని మండపానికి తేవద్దు. పిన్ను విరిచేసిన ప్లగ్గులు, నేరుగా సాకెట్లో గుచ్చిన వైర్లు కూడా అంతే.

తర్వాత మల్టీమీటర్. ప్లగ్గు బయటే ఉంచి, ఒక ప్రోబ్ ఎర్త్ పిన్నుకి, ఇంకోటి లైటు బాడీకి ఆనిస్తారు. బీప్ వస్తే "ఓకే అన్నా" అనేస్తారు. ఆగండి. బీప్ కోసం మల్టీమీటర్ పంపే కరెంటు మహా అయితే కొన్ని మిల్లీ ఆంపియర్లు. వైరులో పోగులన్నీ తెగిపోయి ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది. తప్పు జరిగిన రోజు ఆ ఒక్క పోగు మీద పదుల ఆంపియర్లు పడతాయి. అది కాలి తెగిపోతే దారి పోయినట్టే.

అందుకే లైట్లు తయారుచేసే చోట చేసే పరీక్ష వేరుగా ఉంటుంది. 12 వోల్టులకి మించని సప్లైతో, ఎర్త్ కనెక్షన్ నుంచి బాడీ దాకా కనీసం 10 ఆంపియర్లు పంపుతారు. మధ్యలో ఎంత వోల్టేజీ పడిందో చూసి 10తో భాగిస్తారు. జవాబు 0.5 ఓమ్ దాటకూడదు. అంటే 10 ఆంపియర్లకి 5 వోల్టుల లోపు రావాలి. వోల్టేజీ తక్కువ కాబట్టి షాక్ భయం లేదు, కరెంటు ఎక్కువ కాబట్టి బలహీనమైన లంకె దొరికిపోతుంది. దీనికి ఎర్త్ కంటిన్యూటీ టెస్టర్ కావాలి. లైట్లు అద్దెకిచ్చేవాళ్ళని "ఈ టెస్ట్ చేయించారా?" అని అడగండి. అడిగితే పోయేదేం లేదు.

ఇంకో మాట. ప్రోబ్ ఒక్కచోట పెడితే చాలదు. లైటు పట్టుకునే బ్రాకెట్, ముందున్న జాలీ, వెనక మూత, చేతికి తగిలే ప్రతి లోహపు ముక్కనీ విడిగా చూడాలి. మధ్యలో రంగు అడ్డొస్తే బాడీకి ఎర్త్ ఉండి బ్రాకెట్‌కి లేకపోవచ్చు.

లైటు పాసైంది అనుకుందాం. మరి గుంత సంగతి? మన దగ్గర పాత పద్ధతి ఒకటుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, వెలిగితే ఎర్త్ బాగున్నట్టే అనుకోవడం. లెక్క వేద్దాం. వెలుగుతున్న ఆ బల్బు నిరోధం సుమారు 529 ఓమ్‌లు. గుంత నిరోధం 50 ఓమ్‌లు ఉన్నా బల్బుకి దాదాపు 210 వోల్టులు అందుతాయి. బాగానే వెలుగుతుంది. అదే గుంత మీద లైటు బాడీకి ఫేజ్ తగిలితే పారేది 230 బై 50, అంటే 4.6 ఆంపియర్లే. 6 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. బాడీ మీద కరెంటు అలాగే కూర్చుంటుంది. పైగా ఎర్త్ వైరు ఎక్కడైనా తెగి ఉంటే, ఆ బల్బు గుండా ఫేజ్ వచ్చి మిగతా మెటల్ బాడీలన్నిటికీ ఎక్కుతుంది. ఇది మీరు చెయ్యొద్దు, ఎవర్నీ చెయ్యనివ్వొద్దు. గుంత నిరోధం కొలవడానికి ఎలక్ట్రీషియన్ల దగ్గర ఎర్త్ టెస్టర్ ఉంటుంది. దాంతో కొలిపించండి.

ఇక్కడే ఆర్‌సీసీబీ కావాలి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోతున్నాయా అని చూడటమే దాని పని. 50 ఓమ్‌ల గుంతతో కూడా 4.6 ఆంపియర్లు దారి తప్పుతాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతుంది. "అయితే ఎర్త్ ఎందుకు, ఆర్‌సీసీబీ ఉందిగా?" అంటారేమో. ఎర్త్ ఉంటే ఫేజ్ బాడీకి తగిలిన క్షణమే ట్రిప్ అవుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు పట్టుకుని, కరెంటు వాళ్ళ ఒంట్లోంచి వెళ్ళాకే ట్రిప్ అవుతుంది. ఆ ఎవరో ఒకరు మీ తమ్ముడు కావచ్చు. అందుకే రెండూ కావాలి.

ఆర్‌సీసీబీ మీద "టీ" అని ఒక బటన్ ఉంటుంది. రోజూ సాయంత్రం లైట్లు వేసే ముందు అది నొక్కండి. పడిపోవాలి. పడకపోతే లైట్లు వెయ్యొద్దు. కానీ గుర్తుంచుకోండి, ఆ బటన్ చెప్పేది ఆర్‌సీసీబీ గురించే. ఎర్త్ తెగిపోయి ఉన్నా బటన్ నొక్కితే అది పడుతుంది.

సాకెట్లో ఎర్త్ లేదని న్యూట్రల్ నుంచే ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపేస్తుంటారు కొందరు. మల్టీమీటర్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఎక్కడో న్యూట్రల్ ఊడిందంటే, లైటుకి తప్పు లేకపోయినా దాని బాడీకి ఫేజ్ వచ్చేస్తుంది. మీ ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించి ఇది ఒక్కసారి చూపించుకోండి. జనరేటర్ పెడితే దాని మీద కూడా మళ్ళీ చెక్ చేయించాలి. లైన్ కరెంటు మీద ఓకే అయింది కదా అని వదిలెయ్యొద్దు.

మండపం దగ్గర ఎవరైనా "అన్నా, పైపు జిల్లుమంటోంది" అంటే నవ్వెయ్యకండి, టెస్టర్ పెట్టి చూస్తూ నిలబడకండి. పైపు ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. ఎవరికైనా షాక్ కొడుతుంటే కూడా ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. మెయిన్ ఎక్కడుందో కమిటీలో ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి.

ఈ వీడియో మీ చవితి గ్రూపులో పెట్టండి. కింద ఒక లైన్ రాయండి: "ఎర్త్ చెక్ చేయించే పని ఎవరిది?" ఎవరో ఒకరి పేరు వచ్చేదాకా వదలొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.