పెంపుడు జంతువులకు నిమ్మ, బత్తాయి పెట్టవచ్చునా?



పిల్లలు ఉద్యోగాలకు దూరమైపోయాక మనలో చాలామందికి ఇంట్లో తోడు కుక్కో, పిల్లో. తెనాలి నిమ్మ మార్కెట్ ఉన్న జిల్లాలో కాయలకు కొదవలేదు. మా ఇంట్లో నేను పాటించేది మనవి చేస్తాను.

తొక్క, గింజ తీసిన బత్తాయి తొన ఒకటి రెండు కుక్కకు పెడితే సాధారణంగా ప్రమాదం లేదు. షుగరున్న కుక్కకు మాత్రం వద్దు. కుక్కలు, పిల్లులు విటమిన్-సి ని తమ కాలేయంలోనే తయారుచేసుకుంటాయి గనుక అది ముచ్చటకే గాని బలానికి కాదు.

తొక్కలోని లిమోనీన్, లినలూల్ నూనెలే హానికరం. వాంతులు, విరేచనాలు, నీరసం కలుగుతాయి. పిల్లి కాలేయం వాటిని సరిగా హరించుకోలేదు. పిడుదులు పోతాయని దాని ఒంటికి నిమ్మతొక్క రుద్దకండి. ఒళ్ళు నాక్కుని మింగేస్తుంది. తొక్క తిన్నదని తెలిస్తే వెంటనే పశువైద్యునికి చూపించండి.

మూగజీవి బాధ చెప్పుకోలేదు, మనమే కనిపెట్టాలి. సెలవు.