బర్రెను ఎక్కించే ముందు ట్రాలీ అడుగు చూడండి

(సోమశిలలో పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం, దాణా బాకీలు, వాటా ధనం - ఇవి మేము వచ్చినప్పుడల్లా చెప్పేవే. ఈ రోజు వాటిని పక్కన పెట్టి ట్రాక్టరు ట్రాలీ గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. మేము చదివింది సహకార డిప్లొమా, మెకానిక్కులము కాము. అయినా చెప్పక తప్పని కారణం ఉన్నది.

కొన్నేళ్ల క్రిందట ఒక సంఘం సభ్యురాలు ఈనలేక బాధపడుతున్న బర్రెను ట్రాలీలో ఆసుపత్రికి పంపింది. అడుగున మెత్తగా వరిగడ్డి పరిచారు. గడ్డి కింద రేకు తుప్పు పట్టి ఉన్నదని ఎవరూ చూడలేదు. దారిలో బర్రె వెనుక కాలు రేకులో దిగబడి విరిగింది. దూడ దక్కలేదు, బర్రె కూడా దక్కలేదు. ఆ తరువాత రిజిస్టరులో ఆమె పేరు ఎదుట లీటర్ల గడి ఖాళీ. అంతకు ముందు నెలలోనే అదే ట్రాలీలో సంఘానికి దాణా వచ్చింది. మేము బస్తాలు లెక్కబెట్టాము గాని అడుగు చూడలేదు.

సోమశిల కృష్ణ ఒడ్డు ఊరు. పశువుకు పెద్ద కష్టం వస్తే కొల్లాపూరు తీసుకుపోవాలి. సంతలో కొన్న బర్రె అయినా ట్రాలీ మీదనే ఇంటికి వస్తుంది. విదేశాలలో గుర్రాల కోసం ప్రత్యేకంగా పెట్టె బండ్లు ఉంటాయి. మనకు వడ్లకూ ఎరువుకూ పశువుకూ ఒకటే ట్రాలీ. చిక్కు అక్కడే ఉన్నది. మూత్రం, పేడ, యూరియా పొడి, మూడూ ఇనుమును తినేవే. పశువును దించిన రోజే గడ్డి అంతా ఊడ్చి, నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. నెలకొకసారి ట్రాలీ కిందికి దూరి సుత్తెతో రేకును కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు మొద్దు శబ్దం ఇస్తుంది. అడ్డ చానళ్ల వెల్డింగుల దగ్గరా, మూలల దగ్గరా ముందుగా పాడవుతుంది. చెక్క అడుగైతే స్క్రూడ్రైవరుతో పొడవండి. మొన దిగితే ఆ చెక్క మార్చవలసిందే. పైన రంగు వేసి సరిపెట్టడం మనలను మనం మోసం చేసుకోవడమే. నాలుగైదు క్వింటాళ్ల బర్రె అటూ ఇటూ కదిలినప్పుడు ఆ బరువంతా ఒకటి రెండు గిట్టల మీద పడుతుంది.

తరువాత చక్రాలు. జాకీ పెట్టి ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే బేరింగు చూపించాలి. కొంత దూరం పోయి ఆగినప్పుడు హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు, లేదా బేరింగు బిగిసి ఉండవచ్చు. సీజను కాక నెలల తరబడి ఎండలో నిలిచిన టైరుకు గుండీలు బాగానే కనిపిస్తాయి గాని పక్కలు పగులుతాయి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

హుక్కు పిన్నుకు చిన్న కొక్కెం తప్పనిసరి. దాని స్థానంలో మేకు వంచి పెట్టినవి మేము చాలా చూశాము. పిన్ను జారినా ట్రాలీ విడిపోకుండా గొలుసు కూడా ఉండాలి. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు పేడతో కప్పబడితే లేనట్టే లెక్క.

ఎక్కించే పద్ధతికి 1978 నాటి పశువుల రవాణా నిబంధనలు ఉన్నాయి. జారకుండా కొబ్బరి పీచు చాపో చెక్కో పరచాలి, ఒక మనిషి తోడు ఉండాలి, పశువులతో వేరే సరుకు వేయరాదు, వీలైతే ముఖం ఇంజను వైపు ఉండాలి. మోటారు వాహనాల నిబంధనలలో 2015లో చేర్చిన ప్రకారం బర్రెకు 2 చదరపు మీటర్ల చోటు కావాలి. అంటే సుమారు ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ట్రాలీలో రెండే పడతాయి. మూడోదానికి చోటు చాలదు. నాలుగు ఎక్కించి కిరాయి మిగిలిందనుకోవడం మేము ఎరుగుదుము.

రేపు ఉదయం పాలు పోసే వేళకు మేము కేంద్రం దగ్గరనే ఉంటాము. ట్రాలీ ఉన్న సభ్యులు గడ్డి తీసివేసి, కడిగి తీసుకురండి. జాకీ, సుత్తె కార్యదర్శి గారు సిద్ధం చేస్తామన్నారు.