కొత్త మోటారు సైకిలు - ఇంటి పెద్దల బాధ్యత



వడ్ల పైకం చేతికందగానే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కుర్రవాళ్ల మొదటి కోరిక మోటారు సైకిలు. కొనవద్దని నేననను. అయితే కొత్త కోడెను కట్టి ఏకంగా సంతకు బండి తోలుతామా? అలవాటైన ఎద్దుకు జతకట్టి, నాలుగు రోజులు చేలో దున్నించి, ఆ తర్వాతనే బాటకెక్కిస్తాం. మోటారు సైకిలుకూ అంతే.

ముందు లైసెన్సు, తర్వాత బండి. గేర్ల బండికి 18 ఏండ్లు నిండాలి. లెర్నింగు లైసెన్సు వచ్చిన 30 రోజులకుగాని పరీక్షకు పోరాదు. ఆ నెల రోజులూ లైసెన్సున్న అనుభవశాలి వెనుక కూర్చొని, ఊరి బాటలోనే నేర్పవలెను. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. రెండు బ్రేకులూ కలిపి, తడబడకుండా పట్టడం అలవాటు కావాలి. 65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారులెక్కడం ఆఖరి పాఠం.

ఇంకొక మాట. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసేది మనమే, కుప్ప చుట్టూ రాళ్లు పేర్చేదీ మనమే. చీకట్లో ఆ రాళ్లు కనబడవు. గింజల మీద చక్రం జారుతుంది. పడేవాడు మన పిల్లవాడే కావచ్చు. కనుక వడ్లు కల్లంలోనే ఆరబోయండి.

2019 చట్ట సవరణ ప్రకారం, 18 నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల దాకా జైలు పడవచ్చు. పైకం మళ్లీ పంటకు వస్తుంది, మనిషి రాడు గదా! బండితోపాటే ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెటు కొనండి. పిల్లవానికి చేయి కుదిరేదాకా తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.